కరుణాకర్ గారి వంతు

విశాఖపట్నం వెళ్ళొచ్చాక మా ప్రొద్దుటూరులో నాకు కొత్త గౌరవం మొదలైంది. బంగారు కొట్టు శెట్టిగారు బజార్లో ఆపి మరీ, "టీచరమ్మా, ఫోన్లో చూసినాంలే. ఆ ఇంగ్లీషు బ్యాండోళ్ళ మధ్యన కూచోని భలే వాయించినావు" అన్నాడు. నా దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లల తల్లులు ఆ వీడియోను చుట్టాలందరికీ పంపారు. అందులో నేను కళ్ళు మూసుకుని తన్మయంగా వాయిస్తుంటాను. పక్కన ఒకాయన మెడలో శాక్సఫోన్ వేలాడేసుకుని ఊరికే నిలబడి ఉంటాడు. ఆయన ఎందుకు ఊరికే నిలబడ్డాడని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఎవరూ అడగకపోవడమే నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. అందుకని ఆ ప్రయాణం మొదటి నుంచి రాస్తున్నాను. వెళ్ళనివాళ్ళకు ఆ ఊరెలా ఉంటుందో తెలుస్తుంది, నా నిర్వాకం కూడా తెలుస్తుంది.

దువ్వాడ

నేను పక్కవాద్యం మనిషిని. పాడేవాళ్ళు ముందు పాడితే వాళ్ళ వెనక వాయించడం నా బతుకు. వాళ్ళు మెచ్చుకోలుగా చెయ్యి ఊపితే నాకో రెండు ఆవర్తాలు దక్కుతాయి, మళ్ళీ చెయ్యి ఊపితే ఆపెయ్యాలి. అలాంటి నన్ను విశాఖపట్నం దగ్గరి గాజువాక నుంచి పౌలు అనే కీబోర్డు ఆయన ఫోన్ చేసి పిలిచాడు. ఎక్కడో నా వాయిద్యం విన్నాడట. తామొక చిన్న జాజ్ బృందమనీ, బీచ్ రోడ్డులో ఒక హోటల్ డాబా మీద సాయంత్రం కచేరీ ఉందనీ, అందులో ఒక పాటకు నేను అతిథిగా రావాలనీ అడిగాడు. జాజ్ అంటే తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని వినే సంగీతం అనుకునేదాన్ని. అయినా అతిథి అనే మాట విని చాలాకాలమైంది. ఒప్పేసుకున్నాను.

తెల్లారి రైలు ఎలమంచిలిలో ఆగితే ఒక పెద్దాయన పనసకాయల గోతంతో ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. నా వయొలిన్ పెట్టె వంక చాలాసేపు చూసి, "ఏటమ్మా అది, తుపాకీ గాని కాదు కదా?" అన్నాడు. వయొలిన్ అన్నాను.

"పెళ్ళిళ్ళకెల్తావేటి?"

"కాదండి. జాజ్ కచేరీకి."

"జాజంటే ఏటమ్మా?"

"నాకూ సరిగ్గా తెలీదు తాతా. వెళ్ళి చూడాల."

ఆయన పెద్దగా నవ్వాడు. "తెలవకుండానే ఎల్తన్నావా? మంచిదానివే" అని ఇంటి దగ్గరే ఒలిచి డబ్బాలో పెట్టుకున్న తొనలు నాలుగు నా చేతిలో పెట్టాడు. మా వైపు కొత్త మనిషితో మాట కలపాలంటే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆనవాళ్ళు తియ్యాలి. ఇక్కడ ముందు తినడానికి పెడతారు, తర్వాత తీరిగ్గా అన్నీ అడుగుతారు.

దువ్వాడలో దిగి షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు అడిగిన ముప్ఫై రూపాయలూ బేరం లేకుండా ఇచ్చాను. పాత గాజువాక ఒకటి, కొత్త గాజువాక ఒకటి ఉన్నాయని నాకెవరు చెప్పారు? దిగాల్సిన చోట దిగక ముందుకు పోయాను. మళ్ళీ వెనక్కి వచ్చేసరికి చీర ఒంటికి అంటుకుపోయింది. మా ఎండ మంటలా ఉంటుంది, కానీ ఒళ్ళు పొడిగా ఉంటుంది. ఇక్కడి ఎండలో మనిషి ఉడుకుతాడు.

గాజువాక మేడ మీద

సాధన పౌలు ఇంటి మేడ మీది రేకుల గదిలో. పౌలు ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజులు ఫోన్లో పిల్లలకు పాఠాలు చెబుతాడు. ఆయన ఎడమ చెయ్యే బృందానికి బాస్ గిటారు. డ్రమ్ములు వాయించే అప్పలనాయుడు ఒక ఉక్కు కార్ఖానాలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. అద్దె ఇంట్లో డ్రమ్ము మోగితే ఇంటాయన ఊరుకోడని తలగడల మీద సాధన చేస్తాడట. "మా తలగడల్లో దూది మిగల్నేదు మేడం" అన్నాడు.

ఇక శాక్సఫోన్ కరుణాకర్ గారు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. తండ్రి పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఈయనా పెళ్ళిళ్ళ సీజన్లో బ్యాండు కోటు వేసుకుని ఊరేగింపులో నడుస్తాడు, క్రిస్మస్ నెలలో చర్చిల వెంట తిరుగుతాడు, వర్షాకాలంలో ఖాళీగా ఉంటాడు. జాజ్ మాత్రం ఎవరూ డబ్బిచ్చి అడగనిది. ఈ ఊళ్ళో నెలకో సాయంత్రం దొరికితే పండగే అన్నాడు పౌలు. నేను మనసులోనే సంగీతం టీచరుగా నాకొచ్చే నెల జీతం తలుచుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

సముద్రపు గాలికి నా వయొలిన్ తీగలు బిగించే బిరడాలు ఉబ్బి బిగుసుకుపోయాయి, ఎంత తిప్పినా కదలవు. అప్పలనాయుడు సుద్దముక్క అరగదీసి రాసి సాయం పట్టాడు. నేను నేల మీదే కూర్చుని వాయిస్తానంటే, హోటల్లో రెండు బల్లలు కలిపి దుప్పటి పరిపిస్తామన్నారు. వాయించాల్సిన పాట కరుణాకర్ గారే కట్టినది. యారాడ కొండ మీద కూర్చుని రేవులోకి ఓడలు రావడం చూస్తూ కట్టాడట. వింటే మా మోహన రాగానికి మేనత్త కూతురిలా ఉంది. నాకు వెంటనే నచ్చింది.

"ముందు అందరం కలిసి పాట వాయిత్తాం మేడం," అని కరుణాకర్ గారు పద్ధతి చెప్పారు. "తరవాత రెండు రౌండ్లు మీవి. మీ ఇట్టం, ఏటైనా వాయించండి. అయిపోయేటప్పుడు నాకేసి సూడండి. మీరు సూత్తే నాను ఎత్తుకుంతాను."

"చూడకపోతే?" అన్నాను సరదాగా.

"సూడకపోతే మీదింకా అవ్వనేదనుకుంతాను."

"వాయించేవోళ్ళని మజ్జిలో కొయ్యకూడదు మేడం," అన్నాడు అప్పలనాయుడు. "అది మా జాజోళ్ళ కట్టుబాటు. అన్నం తినేవోళ్ళని లేపుతామేటి?"

ఆ కట్టుబాటు నాకెంత నచ్చిందో చెప్పలేను. మా కచేరీల్లో ఎంతమంది చేతులు ఊపి నన్ను ఆపారో అందరూ గుర్తొచ్చారు. సాధనలో రెండు రౌండ్లు వాయించి బుద్ధిగా ఆయన వైపు చూశాను. ఆయన తల ఊపి అందుకున్నారు. ఎంత సులువుగా ఉందో అనుకున్నాను.

చేపల రేవు

మర్నాడు పొద్దున్నే కరుణాకర్ గారి భార్య సుగుణ నన్ను చేపల రేవుకు తీసుకెళ్ళింది. అక్కడ వాసనకు అలవాటు పడేదాకా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తర్వాత మర్చిపోయాను. బోట్ల నుంచి దిగిన చేపలు గుట్టలుగా పోసి పాడుతుంటారు. పాటంటే వేలంపాట. మా ఊళ్ళో ఐసులో నాలుగు రోజులు మగ్గి వచ్చే చేపకు పెట్టే డబ్బుతో ఇక్కడ రెండు పూటలకు సరిపడా పచ్చి రొయ్యలు వచ్చాయి. సుగుణ బేరమాడుతుంటే చేపలమ్మే ఆవిడ, "నీకు ఊరికినే ఇచ్చీమంతావేటి ఒదినా?" అంది. ఒదినా అంటూనే పది రూపాయలు కూడా తగ్గించలేదు.

వాళ్ళింటికొచ్చి రొయ్యలు ఒలుస్తూ సుగుణ అసలు సంగతి చెప్పింది. ఆ సాయంత్రం కచేరీకి ముంబయి నుంచి ఒకాయన వస్తున్నాడు. విదేశాలు తిరిగే విహార ఓడల మీద బ్యాండ్లకు మనుషులను ఎంచడం ఆయన పని. ఇంకేదో పని మీద ఊళ్ళోకి వచ్చి, పౌలు బతిమాలితే ఒప్పుకున్నాడు. విమానం ఎక్కే ముందు కాసేపు కూర్చుని మొదటి పాటే వింటాడు.

"మాయనకిదే ఆఖరండి," అంది సుగుణ. "ఓడలోళ్ళు వయసు సూత్తారు. ఈ ఏడు దాటితే మరి పిలవరు. పెళ్ళోళ్ళు ఏ సినిమా పాట అడిగితే అదే వాయించాల. ఎండలో ఆ కోటేసుకుని గుర్రం ముందర నడిసొచ్చి, కోటిప్పితే ఈపంతా పేలిపోయుంటాది. ఓడ మీదయితే రోజూ తనకి నచ్చినదే వాయించొచ్చట."

"ఆయన తప్పకుండా నెగ్గుతారమ్మా" అన్నాను.

"పౌలు గారు మీ వాయిద్యం గురించి సెప్తే, మీరు పక్కనుంటే ఆయనకి ధైర్నంగా ఉంటాదని మిమ్మల్ని పిలిపించమన్నాడండి. ఆ పాటలో మీ తరవాత ఆయనదే కదా, మీరు బాగా ఎత్తిస్తే ఆయన ఇంకా బాగా ఎత్తుకుంటాడట."

మా నాన్న గుడిలోను, పెళ్ళిళ్ళలోను నాదస్వరం వాయించేవాడు. ఊరేగింపు నుంచి వచ్చి గడప మీద కూలబడి కాళ్ళు పట్టుకునేవాడు. కాబట్టి సుగుణ చెప్పింది నాకు అర్థం కాలేదని అనడానికి లేదు. భోజనానికి ముందు వాళ్ళు తలలు వంచి ప్రార్థన చేసుకున్నారు. కరుణాకర్ గారి ప్రార్థనలో నా చేతివేళ్ళ క్షేమం కూడా ఉంది. చింతచిగురు వేసిన రొయ్యల కూర నేను రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

హోటల్ డాబా

సాయంత్రం ఇంకా వెలుగు ఉండగానే మొదలుపెట్టాం. డాబా మీది నుంచి సముద్రం కనిపిస్తోంది, కింద బీచ్‌లో మరమరాల ముంత మసాలా బళ్ళ చుట్టూ జనం మూగి ఉన్నారు. అనుకున్నట్టు తాగేవాళ్ళెవరూ లేరు. పిల్లలతో వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ముంబయి పెద్దమనిషి ముందు బల్ల దగ్గర, పక్కన చిన్న సూట్‌కేసు పెట్టుకుని, టీ తాగుతున్నాడు. కరుణాకర్ గారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చారు. మౌత్‌పీసు తుడిచిందే తుడుస్తున్నారు.

మొదటి పాట కరుణాకర్ గారిదే, అందరం కలిసి వాయించాం. నా వంతు వచ్చింది. మొదటి రౌండు బెరుకుగానే వాయించాను. రెండో రౌండులో మోహనం నన్ను ఎత్తుకుంది. నా అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాను. రౌండు ముగుస్తుండగా డాబా అంతా చప్పట్లు కొట్టారు. మా వైపు స్వరం నడుస్తుండగా చప్పట్లు పడితే కానివ్వమని అర్థం. జాజ్‌లో చప్పట్లంటే, బాగుంది, ఇక పక్కవాళ్ళకు ఇవ్వమని. సాధనలో వినేవాళ్ళు లేరు కాబట్టి చప్పట్ల గురించి నాకెవరూ చెప్పలేదు. ఇక్కడిదాకా నా తప్పేమీ లేదు, మూడో రౌండు తెలియక వాయించిందే.

మూడో రౌండు చివర కళ్ళు తెరిచాను.

కరుణాకర్ గారు శాక్సఫోన్ పెదవులకు ఆనించుకుని, ఊపిరి పట్టి, నా వైపే చూస్తున్నారు. ఆయన వెనకగా ఆ పెద్దమనిషి కనిపించాడు. టీ కప్పు పక్కన పెట్టేసి ముందుకు వంగి నన్నే వింటున్నాడు. నా బతుకులో అంత శ్రద్ధగా నన్నొక్కదాన్నే విన్నవాళ్ళు లేరు. చెయ్యి ఊపి ఆపేవాళ్ళు కూడా అక్కడ ఎవరూ లేరు. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

ఎన్నేళ్ళ ఆకలో అది అని నన్ను నేను సమర్థించుకోవచ్చు. ఆకలే, కాదనను. కానీ తిన్నది ఎదుటివాడి విస్తట్లోది. నాలుగో రౌండు, ఐదో రౌండు వాయించాను, ఆ తర్వాత మా పద్ధతిలో పెద్ద ముక్తాయింపు వేశాను. నా వెనక పౌలు, అప్పలనాయుడు కట్టుబాటు తప్పకుండా నన్ను మోశారు.

జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి గడియారం చూసుకుని లేచాడు, వేదిక దగ్గరికి వచ్చి నా వయొలిన్ పెట్టె మీద తన కార్డు పెట్టి, నవ్వి, సూట్‌కేసు లాక్కుంటూ మెట్ల వైపు నడిచాడు. సరిగ్గా అప్పుడు కరుణాకర్ గారు ఎత్తుకున్నారు. ఆ మనిషి వీపు వైపు చూస్తూ ఎత్తుకున్నారు. మొదటి రెండు స్వరాలు వణికాయి.

తర్వాత ఆయన వాయించింది నేను ఎలా రాయను? పెద్దగా వాయించలేదు. రేవు నుంచి ఓడ కదిలేటప్పుడు వేసే కూతలాంటి ఒక లోతు స్వరం పట్టుకుని దాని చుట్టూనే తిరిగారు, అక్కడి నుంచి నా మోహనంలో లేని ఒక స్వరాన్ని తెచ్చి పక్కన పెట్టారు, ఆ ఒక్క దానితో పాట మొత్తం దిగులుగా మారిపోయింది. పిల్లలు కూడా కదలకుండా విన్నారు. రెండంటే రెండే రౌండ్లు వాయించి ఆయన పౌలు వైపు చూశారు. వినాల్సిన మనిషి అప్పటికి కారెక్కి వెళ్ళిపోయాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

కచేరీ అయ్యాక అక్కడే భోజనాలు పెట్టారు. సుగుణ నా ఎదురుగా కూర్చుంది. తను ఏమీ తినలేదు. చివరికి పౌలే మాట తీశాడు. "మేడం కళ్ళు మూసీసుకున్నారు, ఆవిడకేటి తెలుస్తాది? ఆళ్ళ కచేరీల్లో అలగే కదా."

అప్పుడు నేను, "అవునండి, మా పద్ధతి అంతే. కళ్ళు మూసుకుంటే నాకు లోకం తెలీదు" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. కరుణాకర్ గారు ఒకసారి నా వైపు చూసి, చేప ముక్క నా కంచంలో వేసి, "ముల్లుంతాది, సూసుకుని తినండి మేడం" అన్నారు.

పెళ్ళి ఊరేగింపు

మర్నాడు మధ్యాహ్నం నా రైలు. పొద్దున్నే కార్డు మీది నంబరుకు ఫోన్ చేశాను. ఆయన నన్ను గుర్తుపట్టి, ఓడ మీదకు వస్తారా అని హిందీలో అడిగాడు. నా సంగతి కాదన్నాను. శాక్సఫోన్ ఆయన్ని మళ్ళీ ఒకసారి వినమని బతిమాలాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. శాక్సఫోన్ ఆయన అందరితో కలిసి వెనక నుంచి బాగానే వాయించాడనీ, కానీ తమకు ముందు నిలబడేవాడు కావాలనీ అన్నాడు. ఆయన వంతు నేనే వాయించేశానని ఒప్పుకున్నాను. "అదే చెబుతున్నాను, వంతు వచ్చినప్పుడు లాక్కోలేనివాడు ఓడ మీద నెగ్గుకు రాలేడు" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. జాజ్ వాళ్ళ కట్టుబాటు ఏమిటో ఆయనకు తెలియకుండా ఉంటుందా? తెలుసు. అయినా అలా అన్నాడు.

కరుణాకర్ గారు ఇంట్లో లేరు. గాజువాకలోనే పెళ్ళి బ్యాండుకు వెళ్ళారని సుగుణ సందు పేరు చెప్పింది. నన్ను లోపలికి రమ్మనలేదు. నేనూ రమ్మంటుందని ఆశపడలేదు.

వెళ్ళేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. మూసి ఉన్న మందుల షాపు అరుగు మీద బ్యాండువాళ్ళంతా ఎర్ర కోట్లు, జరీ టోపీలతో పెళ్ళికొడుకు కోసం కూర్చుని ఉన్నారు. మా వైపు పెళ్ళికొడుకు కారులో ఊరేగుతాడు. ఇక్కడ గుర్రం తెచ్చారు, అది కూడా ఎండకు విసుక్కుంటోంది. కరుణాకర్ గారు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. నా కోసం అరుగు మీద చోటు తుడిచారు.

నేను కూర్చోలేదు. "కరుణాకర్ గారూ, నిన్న నేను కళ్ళు తెరిచాను. మూడో రౌండు అయ్యాక. మీరు వాయించబోతూ నా వైపు చూడటం చూశాను. చూసే మళ్ళీ మూసుకున్నాను."

ఆయన శాక్సఫోన్‌కు పెట్టే రెల్లు రీడును నోట్లో తడుపుకుంటూ ఉన్నారు. తీసి, మౌత్‌పీసుకు బిగించి, అప్పుడు మాట్లాడారు.

"తెలుసు మేడం. నాను మీకేసే సూత్తన్నాను కదా, నాకు తెలవదేటి."

"మరి నన్ను ఆపి ఉండచ్చు కదా. మీ బతుకు విషయం. ఒక్కసారికి కట్టుబాటు తప్పితే ఏమవుతుంది?"

"నిన్న రాత్రంతా మా ఆవిడ కూడా అదే అన్నాది" అని ఆయన కాస్త నవ్వారు. "నాకు సేతకానేదండి. మీరు బాగా వాయిత్తన్నారు. నిజంగా బాగా వాయిత్తన్నారు."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ముంబయికి ఫోన్ చేసిన సంగతి, ఆయన అన్నది కూడా చెప్పాను. కరుణాకర్ గారు తల ఊపి, టోపీ తీసి చెమట తుడుచుకున్నారు.

"పోనీ, భోజనాల దగ్గర పౌలు గారు నన్ను వెనకేసుకొస్తుంటే అయినా ఎందుకు ఊరుకున్నారు? అబద్ధమని మీకు తెలుసు కదా" అన్నాను.

"నానేటి సెప్తానండి?" అన్నారు ఆయన. "మీరే సెప్తారేమోనని సూసినాను."

ఇంతలో పెళ్ళికొడుకు వచ్చాడు. గుర్రం ఎక్కేటప్పుడు తలపాగా జారితే అందరూ నవ్వారు. బ్యాండు మేస్త్రీ చెయ్యి ఎత్తాడు. కరుణాకర్ గారు టోపీ సర్దుకుని, నాకు దణ్ణం పెట్టి, వరసలో వెళ్ళి నిలబడ్డారు. పెళ్ళివాళ్ళు అడిగిన సినిమా పాట ఎత్తుకుని ఎండలో నడవడం మొదలుపెట్టారు.

సందు మలుపు తిరిగేదాకా ఒక్కసారైనా ఇటు చూస్తారేమోనని నిలబడ్డాను. చూడలేదు.